ఇన్ అంటే లేదు

ఆస్పత్రి రికార్డు గదిలో ముప్పై ఒక్క ఏళ్లు ఫైళ్లు కట్టిన గుమాస్తాకు, రిటైర్మెంటు రెండేళ్లుందనగా ఇంగ్లీషు మీద మనసైంది. పేవ్‌మెంటు మీద ఒక పాత పుస్తకం దొరికింది. లాటిన్ ముక్కలు నలభై వస్తే నాలుగు వేల మాటలు వాటంతటవే వస్తాయని దాని అట్ట మీద ఉంది. ముక్కలు వచ్చాయి. మాటలు వచ్చేదాకా ఆగే ఓపిక ఆయనకు లేకపోయింది.

బదిలీ అయి కళ్లు తుడుచుకుంటున్న నర్సుతో, "ట్రాన్స్ అంటే అవతలికి, ఫర్ అంటే మొయ్యడం. నిన్ను మోసుకెళ్తున్నారమ్మా, ఏడుస్తావేం?" అన్నాడు. "సబ్ అంటే కింద, మిట్ అంటే పంపడం. అందుకే మనమే సబ్మిట్ చేస్తాం, సూపరింటెండెంటు గారు చెయ్యరు" అన్నది మాత్రం అందరికీ నచ్చింది. చాటున 'ముక్కల మాస్టారు' అనేవారు.

వీడ్కోలు సభలో ఫ్రేము కట్టిన ప్రశంసాపత్రం చేతికిచ్చారు. చదువుతూ 'ఇన్‌వాల్యుబుల్ సర్వీస్' దగ్గర ఆగాడు. మొహం మాడిపోయింది.

"ఇన్ అంటే లేదు. వాల్యూ లేని సర్వీసన్నమాట! ఇన్నేళ్లకు ఇదా మీరిచ్చే మాట?"

టైపిస్టు అమ్మాయి పరుగున వచ్చింది. "అయ్యో సార్, అది పొగడ్తే!"

"ఇన్‌హ్యూమన్ పొగడ్తా? ఇన్‌కరెక్ట్ పొగడ్తా?"

సూపరింటెండెంటుకు లోలోపల గుబులు పుట్టింది. ఆ ఇంగ్లీషు ఆయన ఏదో పాత ఫైలులోంచి దింపింది. తెలియదని నలుగురిలో ఒప్పుకుంటే పరువేముంటుంది? గొంతు సవరించుకుని, "టైపింగ్ పొరపాటు" అని తేల్చేశాడు. ఆ అమ్మాయి మళ్లీ టైపు మిషను దగ్గరికి నడిచింది. అరగంటలో 'ఇన్' ఎగిరిపోయిన కొత్త పత్రం ముద్రతో సహా వచ్చింది. గుమాస్తా ఛాతీ విరుచుకుని ఇంటికెళ్లాడు.

ఆయన భార్యకు ఇంగ్లీషు రాదు. గోడకు మేకు కొడుతూ మొగుడు చెప్పిందంతా విని, "మరి అమూల్యం అంటాం కదండీ, అందులో 'అ' అంటే లేదనేగా? అమూల్యమైన సేవ అంటే తిట్టా?" అంది.

సుత్తి గాల్లో ఆగిపోయింది.

"మూల్యం లేదని కాదే... కట్టలేమని" అన్నాడు, సుత్తి దించి.

"ఆ పిల్ల అదే చెప్పబోయిందేమో."

మర్నాడు క్షమాపణ చెప్పుకుందామని వెళ్లేసరికి, టైపిస్టు తన సంజాయిషీ తానే టైపు చేసుకుంటోంది. ఇకపై ప్రశంసాపత్రాల్లో 'ఇన్'తో మొదలయ్యే మాటలు వాడరాదని గోడ మీద ఉత్తర్వు కూడా అంటించారు. గుమాస్తా పక్కన కుర్చీ లాక్కుని, తప్పంతా తనదేనని తెలుగులో రాసిచ్చాడు. రిటైరైనవాళ్ల కాగితం చెల్లదని సూపరింటెండెంటు తిప్పి పంపాడు. టైపిస్టు మాత్రం దాన్ని మడిచి బ్యాగులో పెట్టుకుంది.