కబురు చెప్పే పద్ధతి

ఉల్జాన్ అపాయ్‌ని నేను మొదట చూసింది ఆల్మతీలో, ఒక పాత ఫ్లాట్ వంటింట్లో. అప్పటికి మా కంపెనీలో తొమ్మిది మందిమి. సరుకులు ఇంటికి తెప్పించుకునే యాప్ తయారుచేసే కుర్రాళ్లు ఏడుగురు, తలుపు కాసే నేను, అందరికీ వండిపెట్టే ఆమె. మాలో పెద్దక్కని అపాయ్ అంటారు, పెద్దన్నని అగా అంటారు. భర్త పోయాక పల్లెబడి ఉద్యోగం వదిలి ఇక్కడికి వచ్చింది. ఎవరి టీలో పాలు ఎక్కువ పడాలో, ఎవరి తల్లికి మోకాళ్ల నొప్పులో ఆమెకి తెలుసు. కొత్తవాళ్లు మొదటి రోజు కంప్యూటర్ ముందు బిక్కుబిక్కుమంటుంటే వెళ్లి పక్కన కూర్చునేది. దేవుడు కొందరిని అలా పుట్టిస్తాడు.

నాలుగేళ్లలో నాలుగొందల మందిమయ్యాం. గాజు మేడకి మారాం. గోడ మీద 'మనదంతా ఒకే కుటుంబం' అని రాయించారు. సిబ్బంది బాగోగులు అపాయ్‌కి అప్పగించారు.

ఆ వసంతంలో, పెట్టుబడి పెట్టినవాళ్లు ఎనభై మందిని తీసేయమన్నారు. యజమాని సాన్జర్ అపాయ్‌ని పిలిచాడు. తలుపు ఓరగా ఉంది, మాటలు నాకు వినబడ్డాయి.

"సోమవారం పదింటికి వాళ్ల ఫోన్లకి ఉత్తరం వెళ్తుంది అపాయ్. ఆ నిమిషం నుంచే వాళ్ల తలుపు కార్డులు పనిచెయ్యవు. అన్ని కంపెనీల్లోనూ ఇంతే."

"గొర్రెకి కూడా కత్తి కనబడకుండా దాచి, బిస్మిల్లా చెప్పి కోస్తాం రా. వీళ్లు గొర్రెకన్నా తీసిపోయారా?"

"అయితే నువ్వే చెప్తావా? ఎనభై మందికీ?"

"చెప్తా. ఒక్కొక్కళ్లనీ కూర్చోబెట్టి చెప్తా. మనిషిని మనిషే సాగనంపాలి."

"మూడు రోజులిస్తా. ఏమాత్రం గొడవైనా మళ్లీ ఉత్తరాలే."

మావాళ్లు చెడు కబురు సూటిగా చెప్పరు. పెద్దలు వచ్చి పక్కన కూర్చుని, లోకంలో ఏదీ నిలవదని మొదలుపెట్టి, మెల్లగా అసలు మాటకి వస్తారు. అది చావు కబురు చెప్పే తీరు. అపాయ్‌కి తెలిసిన మెత్తని దారి అదొక్కటే.

సోమవారం జాబితాలో మొదటి పేరు అక్బోతా. కిజిల్‌ఓర్దా వైపు పల్లె పిల్ల, తండ్రికి గుండెజబ్బు. "గడ్డం నెరిసినవాడు పక్కనుంటే పిల్లకి ధైర్యం" అని అపాయ్ నన్నూ రమ్మంది. నేనూ ఆలోచించకుండా వెళ్లాను. ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుని పిల్ల చెయ్యి పట్టుకుంది.

"అక్బోతా, బంగారూ... ఎంతటి హంసకైనా సరస్సు విడిచే రోజొకటి వస్తుంది. దేవుడిచ్చింది దేవుడే..."

పిల్ల నా గడ్డం వైపు చూసింది, అపాయ్ చేతి వైపు చూసింది. "నాన్నా!" అని ఒక్క అరుపు అరిచింది. "అయ్యో నా కొండా, నన్నొదిలి పోయావా!"

హాలంతా లేచి వచ్చింది. వరసగా వచ్చి పిల్లని కావలించుకుని ఏడుస్తున్నారు. ఒకడు నీళ్లు తెచ్చాడు. ఇంకొకడు అప్పుడే రైలు టికెట్ వెతుకుతున్నాడు. "ఆగండర్రా, ఆగండి" అంటున్న అపాయ్ గొంతు ఎవరికీ వినబడలేదు. చివరికి ఆమె కేక పెట్టింది.

"మీ నాన్న బతికే ఉన్నాడే తల్లీ! పోయింది నీ ఉద్యోగం!"

అక్బోతా నోరు తెరుచుకుని చూసింది. తర్వాత నవ్వింది. అపాయ్ చేతులు ముద్దుపెట్టుకుంది. "అల్లా నీ దయ! ఉద్యోగమేనా అపాయ్? చంపేశావు కదా!"

మిగతావాళ్లెవరూ నవ్వలేదు. "ఉద్యోగం పోవడమేంటి? ఇంకెవరెవరివి?" అన్నాడు టికెట్ వెతికేవాడు.

అపాయ్ జాబితాని శాలువా కింద దాచుకుంది. గాజు గదిలోంచి సాన్జర్ అంతా చూస్తున్నాడు. తల అడ్డంగా ఊపి కంప్యూటర్ మీదకి వంగాడు.

ఫోన్లు మోగడం మొదలైంది. నీళ్లు తెచ్చినవాడిది మోగింది. అక్బోతా భుజం మీద చెయ్యి వేసినవాడిది మోగింది. ఆ చెయ్యి తియ్యకుండానే రెండో చేత్తో చదువుకున్నాడు.

కార్డు పనిచెయ్యకపోతే మా తలుపు లోపలి నుంచి కూడా తెరుచుకోదు. నేను నా కార్డు తియ్యబోతే అపాయ్ ఆపింది. "తలుపు నన్ను తియ్యనీ, సత్తార్ అగా. నేను చెప్తానన్నది వీళ్లకే కదా."

ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి తలుపు తెరిచింది. "నీ దారి తెల్లగా ఉండాలి నాయనా" అంది, ప్రయాణమయ్యేవాళ్లని మావాళ్లు దీవించినట్టు. కొందరు ఆమెని కావలించుకున్నారు. చాలామంది ముఖం చూడకుండానే వెళ్లారు, ఈమెకి ముందే తెలుసు కదా అని. వాళ్లనీ తప్పుపట్టలేం.

మధ్యాహ్నపు నమాజు వేళకి అక్బోతా ఒక్కతే మిగిలింది. కన్నీళ్లు ఆరిపోయాయి, నవ్వూ లేదు.

"నాన్నకి ఈ సంగతి ఎలా చెప్పను అపాయ్? ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను?"

అపాయ్ తలుపు పట్టుకుని అలాగే నిలబడింది.