ఆరలేదు బాబాయి చేసిన విల్లు

మా బాబాయి నోట "ఆరింది" అన్న మాట నేను ఒకే ఒక్కసారి విన్నాను. ఆయన వడ్రంగి. జిగురు, రంగు, వార్నిషు ఆయన దృష్టిలో ఎప్పటికీ ఆరవు, ఆరినట్టు నటిస్తాయంతే. ఎవరైనా తమ కుర్చీ కోసం వస్తే దాన్ని వేలికొసతో తాకి, ఆ వేలు వాసన చూసుకుని, పెదవి విరిచేవాడు.

"ఆరలేదు."

"నిన్నా అదే అన్నారు కదండీ?"

"నిన్నా ఆరలేదు."

వీధి చివరి దర్జీ తన బల్ల కోసం తిరిగి తిరిగి విసిగిపోయి, ఒకరోజు కుట్టుమిషను మోసుకొచ్చి బాబాయి షెడ్డులోనే ఆ బల్లమీద పెట్టుకుని లాగులు కుట్టడం మొదలుపెట్టాడు. బాబాయి మాత్రం, "మెల్లగా తొక్కండి, ఇంకా పచ్చిగా ఉంది" అన్నాడు. వీధిలో ఆయన్ని ఆరలేదుగారు అనేవాళ్ళు. పిన్ని ఆరలేదుగారి భార్య.

మా చెల్లి విలువిద్య నేర్చుకునేది. ఒకరోజు మైదానంలో అరువు విల్లు ఎక్కుపెట్టి లాగుతుండగా అది ఫెళ్ళున విరిగి, ఒక పెచ్చు కంటికింద గీరుకుపోయింది. గాయం తొందరగానే మానింది. భయం మానలేదు. ఆ తరువాత ఏ విల్లు పట్టినా తాడు సగం లాగేసరికి కళ్ళు మూసుకునేది. చెయ్యి నొప్పని దించేసేది. ఇక మానేస్తానంది.

బాబాయి వచ్చి విరిగిన ముక్కల్ని తిప్పి తిప్పి చూశాడు.

"ఆరకముందే తీసేశారు, వెధవలు! నీకు నేను చేస్తానే విల్లు."

"నీకు విల్లు చెయ్యడం వచ్చా బాబాయ్?"

"రాదు. కుర్చీ చేతులు వంచడం వచ్చు. నీది కాస్త పొడుగాటి కుర్చీచెయ్యి అనుకుంటే సరి."

పలచని చెక్కపట్టీల్ని జిగురుతో అంటించి, వంపు తిరిగిన అచ్చుమీద బిగించి ఆరబెడితే విల్లవుతుంది. కాబట్టి ముందు అచ్చు కావాలి. బాబాయి దళసరి చెక్క తెచ్చి, నడుమ గీత గీశాడు. అట్టముక్క మీద సగం వంపు గీసి కత్తిరించి, దాన్నే తిరగేసి రెండో సగం గీశాడు. రంపంతో కోశాడు. ఆపైన గరుకు కాగితం రుద్దడం, మూలమట్టం పెట్టి చూడడం, మళ్ళీ రుద్దడం. "అచ్చు వెంట్రుకవాసి వాలినా విల్లు మూతి తిప్పుకుంటుంది, మీ పిన్నిలాగా" అన్నాడు. పిన్ని మూతి తిప్పుకుంది.

తీరా పట్టీలకు జిగురు పూసి అచ్చుమీద క్లాంపులు బిగించాక, అచ్చుకి ప్లాస్టిక్ కాగితం చుట్టడం మరిచిపోయాడని తేలింది. విల్లూ అచ్చూ కలిసి ఒకే దుంగయ్యాయి. బాబాయి లాగాడు, నేను లాగాను, దర్జీ మిషను దిగి వచ్చి లాగాడు. ఊహూ. బాబాయి దాన్ని వేలితో తాకి, వాసన చూసి, నీరసంగా కూలబడ్డాడు.

"ఆరింది" అన్నాడు.

నేను విన్న ఒక్కసారీ అదే.

ఆయన మళ్ళీ మొదటినుంచి మరో అచ్చు చేశాడు. ఈసారి ప్లాస్టిక్ ఎంత చుట్టాడంటే లోపల చెక్క ఉందో లేదో అనుమానం వచ్చింది. విల్లు చక్కగా ఊడివచ్చింది. దాన్ని నునుపు చేసి, తాడు కట్టి, గోడకి తగిలించాడు. చెల్లి వెళ్ళి అడిగితే మాత్రం ఒకటే జవాబు.

మొదట్లో ఆ జవాబు విని చెల్లి మొహం తేటపడేది. "ఆరలేదటరా అన్నయ్యా!" అని తేలిగ్గా ఇంటికొచ్చేసేది. రానురాను ఆ మాటకి విసుక్కోవడం మొదలుపెట్టింది. ఒకరోజు పొద్దున్నే చెప్పులేసుకుని, తన బాణం ఒకటి పట్టుకుని బయల్దేరింది.

"ఆరనీ, ఆరకపోనీ, ఇవాళ తెచ్చేసుకుంటా. పద!"

షెడ్డు వెనకనుంచి ఏదో మూలుగూ, దాని వెంటే 'టంగ్'మన్న మోతా వినబడ్డాయి. తొంగిచూశాం. బాబాయి గుండెకి తలగడ కట్టుకుని, నెత్తిన పాలగిన్నె బోర్లించుకుని, చెల్లి విల్లుని చెవిదాకా లాగి వదులుతున్నాడు. పిన్ని మెట్టుమీద కూర్చుని చూస్తోంది.

"ఇదేంటి పిన్నీ?"

"రోజూ ఇదే వరస. అదెప్పుడో ఆరిందమ్మా. విరిగేదయితే తన చేతిలోనే విరగాలట. రాత్రికి భుజం ఎత్తలేక ఒకటే మూలుగుడు."

బాబాయి మమ్మల్ని చూసి గతుక్కుమన్నాడు. గిన్నె పక్కకి ఒరిగింది. "అది... తడి ఉందేమోనని..." అన్నాడు.

చెల్లి పొట్ట పట్టుకుని నేలమీద కూలబడి నవ్వింది. ఆ గాయం తగిలాక అది అలా నవ్వడం మేము చూడలేదు. లేచి కళ్ళు తుడుచుకుని చెయ్యి చాపింది.

"ఇటివ్వు బాబాయ్."

ఆయన ఇచ్చాడు. ఇచ్చినవాడు చూడలేక గిన్నెని కళ్ళు మూసుకుపోయేలా కిందికి లాక్కున్నాడు.  చెల్లి బాణం ఎక్కించి తాడు లాగింది. సగం దాటింది. గడ్డందాకా వచ్చింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. బాణం దూసుకుపోయి రంపపుపొట్టు బస్తాలో దిగబడింది.

"ఏమైందే? విరిగిందా?" అని గిన్నె లోంచి కేక.

"లేదు బాబాయ్! తగిలింది!"

నా గుండెలమీంచి బండ దింపినట్టయింది. పిన్ని కొంగుతో మొహం తుడుచుకుని, "ఇక ఆ గిన్నె తీయండి, పాలు కాచాలి" అంది. గిన్నె రాలేదు. ముక్కుదాకా దిగి చిక్కుకుపోయింది. చెల్లి విల్లు నా చేతికిచ్చి, కాళ్ళు నిలదొక్కుకుని, రెండు చేతులా గిన్నె పట్టుకుంది.

"మెల్లగా తల్లీ!" అని లోపల్నుంచి బాబాయి మొత్తుకున్నాడు. "చెవిదాకా లాగకు!"