పిల్లిపీచర జిగురు

మంచిర్యాలలో మా మేనత్త పోయిందని పెద్దపల్లిలో ఉన్న నాకు తంతి వచ్చింది. రైలెక్కి వెళ్లేసరికి దహనం అయిపోయింది. దినాల దాకా అక్కడే ఉండి వచ్చాను. ఇది రాస్తుంటే ఏడుపు కన్నా రోతే ఎక్కువగా వస్తున్నది, చదివేవాళ్లు మన్నించాలి.

అత్త పెరట్లో పిల్లిపీచర ముళ్లతీగ ఉండేది. దాని అడుగున చిటికెనవేలంత లావు వేర్లు గుత్తులుగా ఊరేవి. జ్వరం తగ్గి నీరసపడ్డ పిల్లల కోసం అత్త వాటి తోలు గీకి, నడిమి నార లాగేసి, దంచి గుడ్డలో పిండేది. ఆ జిగురులోనే తాకత్ ఉందని, అది లోపలికి పోతే మళ్లీ మళ్లీ జ్వరం రాదని ఆమె నమ్మకం. నైజాం రాజ్యం పోయిన ఏడాది విషజ్వరం నుంచి లేచి నేనూ తాగాను. గ్లాసు వంచితే చీమిడిలా సాగేది. సగం గొంతులో దిగి, సగం పెదవుల బయటే వేలాడేది. అయినా ఆ రోత మింగించబట్టే బతికి బట్టకట్టాననుకుంటాను.

అత్తకూ అదంటే అసహ్యమే. ముందు తను ఒక గుక్క మింగి, మొహమంతా వంకర్లు పెట్టి, అప్పుడు గ్లాసు మా చేతికిచ్చేది.

"మంచిగుంటదని నేను చెప్తలేను. తాగు" అనేది.

పెద్దవాళ్లలో పిల్లలకు అబద్ధం చెప్పని మనిషిగా నేను ఆమెనొక్కదాన్నే చూశాను.

తవ్వేటప్పుడు ఒక పక్క నుంచే వేర్లు తీసి, మిగతా సగానికి మన్ను కప్పి నీళ్లు పోసేది. గడ్డపార ఇంకెవరినీ ముట్టనిచ్చేది కాదు. ఈమధ్య తట్టు పోసి లేచిన నా బిడ్డకూ వారం వారం వేర్లు పంపింది. అవి కడుపులో పడ్డాకే పిల్ల నాలుగు మెతుకులు తినసాగింది.

దినాల నాడు చుట్టాలు భోంచేసి, ఆమె చేత్తో అమృతం తాగామని ఒకరిని మించి ఒకరు పొగిడారు. చిన్నప్పుడు ఆ అమృతాన్ని గోడవెనక కక్కినవాళ్లే అందరూ. చేతులు కడుక్కుని నేరుగా పెరట్లోకి నడిచారు. యాదికి ఉంటాయంటూ తీగను మొదలంటా పెకిలించి, వేర్లు కొంగుల్లో, తువ్వాళ్లలో మూట కట్టుకున్నారు. పిండం ముట్టడానికి కాకులు కూడా అంత తొందరపడలేదు.

అత్త కొడుకైన మా బావను పక్కకు పిలిచి, నా బిడ్డకు గుప్పెడైనా ఉంచలేదా అని నిలదీశాను.

"పీనుగ లేసిన ఇంట్ల కొట్లాటెందుకని ఊకున్న, బామ్మర్ది. గా మూలకున్న సంచిల జర చూడు" అన్నాడు.

మంచాన పడకముందు అత్త మాకోసం తవ్వి పెట్టినవి అందులో ఉన్నాయి. తడికి కుళ్లి నల్లబడి, పురుగులు పట్టి కంపు కొడుతున్నాయి. ఇంట్లో అంతమంది ఉండీ ఒక్కరూ వాటిని ఎండలో వేయలేదు. ముక్కు మూసుకుని పెంటకుప్ప మీద పారబోశాను. ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా తాగబుద్ధి కాలేదు.

ఉత్త చేతులతో ఇంటికి చేరాను. బిడ్డ ఎదురొచ్చి చేతులు చూసింది. అత్త లేదని, వేర్లూ లేవని చెప్పాను.

"అయితే ఇగ తాగుడు లేదా, బాపు?"

లేదన్నాను. చప్పట్లు కొడుతూ వాకిట్లో గెంతింది. అంతలోనే రొప్పుకుంటూ వచ్చి నా మోకాలికి ఆనుకుని కూర్చుంది. వీపు మీద చెయ్యి వేస్తే ఎముకలు తగిలాయి.