చూసి ఊరుకున్న రెండక్షరాలు

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో ఆటపట్టిస్తారు. నిజమే. పక్కింటి సంగతి సాయంత్రానికల్లా గౌలిపుర సందు చివరిదాకా పాకిందంటే అది నా పుణ్యమే. కానీ ఈ ఒక్క మాట ఆరేళ్లు నానింది. మా ఆయనకు చెప్పలేదు. గుళ్లో చేతులు జోడించి నిలబడ్డప్పుడు కూడా లోలోపలైనా అనుకోలేదు, దేవుడికి వినపడుతుందేమోనని. మీకు చెప్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే మొదలుపెట్టాను.

నన్ను బిడ్డా అని పిలిచిన మనిషిని నేను పనిలోంచి తీసేయించాను. అదీ అవమానంతో. దానికి నేను చేసిందల్లా రెండక్షరాలు చూసి ఊరుకోవడం.

ఛత్తా బజారులో ఒక శుభలేఖల ప్రెస్సులో నేను కంప్యూటర్ మీద తెలుగు టైపు చేసేదాన్ని. యజమానిని అందరం సేఠ్ అనేవాళ్లం. ఆయన తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. అందుకని తెలుగు కార్డు ఏదైనా సార్ చూశాకే అచ్చుకు పోవాలి. సార్ అంటే మా ప్రూఫ్ రీడర్. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చే రోజుల్లో, సేఠ్ వాళ్ల నాన్న దగ్గర చేరాడట. హుస్సేనీ ఆలం నుంచి రోజూ నడిచి వచ్చేవాడు. ఆయన ఎర్ర పెన్నుతో మూలన టిక్కు పెడితేనే కార్డు మిషన్ ఎక్కేది.

నాకు పని నేర్పింది ఆయనే. పెళ్లికూతురి పేరు ముందు చి.ల.సౌ. అని ఎందుకు రాస్తారో, ఎవరి పేరు ఎవరికంటే ముందు రాకపోతే పెళ్లిలో లొల్లి అవుతుందో, అన్నీ. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. నేను విసుక్కున్నాను, చాలాసార్లు.

చివరి రెండేళ్లలో ఆయన కళ్లు మసకబారాయి. పెళ్లివాళ్లు రాసిచ్చే కాగితంలో పెద్దక్షరాలు కనబడేవి. కార్డు మీది సన్నక్షరాలు కనబడేవి కావు. సేఠ్‌కు తెలియనియ్యొద్దని నన్ను బతిమాలాడు. అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. అచ్చుకు పోయే ప్రూఫు చూస్తూ నేను పైకి చదువుతాను. ఆయన పెళ్లివాళ్ల కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకొని వింటాడు. తేడా వస్తే చెయ్యెత్తుతాడు. చూసేవాళ్లకు ఇద్దరు మనుషులు శ్రద్ధగా పని చేస్తున్నట్టుండేది. ఆయన నా గొంతును నమ్మి టిక్కు పెట్టేవాడు.

తర్వాత పెళ్లి పిలుపులు ఫోన్లలోకి వెళ్లిపోయాయి. ఐదొందల కార్డులు కొట్టించేవాళ్లు దేవుడి ముందు పెట్టడానికని యాభై కొట్టించడం మొదలుపెట్టారు. ఒకరోజు సేఠ్ మా ఇద్దరినీ కూర్చోబెట్టి, ఈ ముహూర్తాలు దాటాక తెలుగు పనికి ఒక్కరినే ఉంచుకోగలనని చెప్పాడు. ఎవరినో చెప్పలేదు.

అప్పటికి మా ఆయన పని చేసే ఫ్యాక్టరీ మూతపడి ఆరు నెలలు. పొద్దున్నే గడ్డం గీసుకొని, ఇస్త్రీ చొక్కా వేసుకొని గడప మీద కూర్చునేవాడు. సందులో ఎవరైనా వస్తుంటే ఫోన్ చెవికి పెట్టుకొని ఎవరితోనో పని గురించి మాట్లాడుతున్నట్టు తల ఊపేవాడు. అవతల ఎవరూ ఉండేవారు కాదు. అది నాకు తెలుసని ఆయనకు తెలుసు. పని పోయిన మనిషి ఎట్లా ఉంటాడో నేను పుస్తకాల్లో చదవలేదు, రోజూ అన్నం పెట్టి చూశాను. మరి అంత తెలిసినదాన్ని ఇంకొకరి ఇంటికి అదే గతి ఎట్లా పట్టించాను? తెలిసినందుకే పట్టించానా?

ఆ రోజు చదవాల్సింది కార్వాన్ వైపు వాళ్ల పెళ్లి కార్డు. పాత కార్డు ఒకటి తెరిచి, అందులోని పేర్ల మీద కొత్త పేర్లు టైపు చేశాను. అందరం అట్లాగే చేస్తాం. పాత కార్డులో పెళ్లికొడుకు తాత చనిపోయినవాడు, కాబట్టి పేరు ముందు కీ.శే. అని ఉంది. కీర్తిశేషులు అన్నమాట. కొత్త పెళ్లికొడుకు తాత మల్లయ్య గారు బతికే ఉన్నారు. పేరు మార్చాను, ముందున్న రెండక్షరాలు మార్చడం మరిచాను. ఇక్కడిదాకా అది పొరపాటు. నేనేమీ దాచుకోవాల్సిన పని లేదు.

తర్వాత చదవడానికి కూర్చున్నాం. ఆ లైను దగ్గరికి వచ్చాను. కీ.శే. అని ఉంది. చూశాను. స్పష్టంగా చూశాను. నా కళ్లు అప్పుడు బాగానే ఉన్నాయి. నోరు తెరిచి, "శ్రీ మల్లయ్య గారి మనుమడు" అని చదివాను.

సార్ చెయ్యెత్తలేదు. ఎందుకెత్తుతాడు, ఆయన చేతిలోని కాగితంలో శ్రీ అనే ఉంది. టిక్కు పెట్టాడు.

నేను కావాలని చేశానా? ఇన్నేళ్లూ ఈ ప్రశ్నను అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాను. ఆ క్షణంలో ఏమీ ఆలోచించలేదని, నోరు దానంతట అదే శ్రీ అందని చెప్పుకుంటే కొంత హాయిగా ఉంటుంది. కానీ చదివింది పొద్దున పదకొండింటికి. అచ్చు ప్లేటు వేయడానికి పోయింది సాయంత్రం నాలుగింటికి. మధ్యలో ఐదు గంటలు ఆ ఫైలు నా ముందే తెరిచి ఉంది. రెండక్షరాలు తుడిచి ఒక్కటి కొడితే సరిపోయేది. అన్నం తిన్నాక మారుద్దామనుకున్నాను. తిన్నాను. చాయ్ తాగాక అనుకున్నాను. తాగాను. సార్ ఆ రోజు నా గ్లాసు కూడా ఆయనే కడిగి పెట్టాడు.

నాలుగో రోజు పెళ్లివాళ్లు వచ్చారు. పది మంది దాకా ఉంటారు. బతికున్న మనిషిని చంపి పెళ్లి చేయమంటారా అని ఒకటే లొల్లి. ఆ తాత కూడా వచ్చాడు, మనవడి బండి మీద. ఆయన ఒక్కడే అరవలేదు. కుర్చీలో కూర్చొని మంచినీళ్లు అడిగి తాగాడు. సేఠ్ చేతులు జోడించి, పైసా తీసుకోకుండా మళ్లీ ఉత్తగనే కొట్టిస్తానన్నాడు. ఎవరి తప్పో చెప్పమన్నారు వాళ్లు.

సార్ కార్డు తీసుకొని కళ్లకు ఆనించుకున్నాడు. కనబడలేదు. అక్షరాల మీద వేలు పెట్టి తడిమాడు, వేలికి తెలుస్తుందేమో అన్నట్టు. తర్వాత, టిక్కు నాదే కాబట్టి తప్పు నాదేనన్నాడు. కళ్ల సంగతి ఎత్తలేదు. పైకి చదివింది ఆ అమ్మాయి అనలేదు. దొంగకు తేలు కుట్టినట్టు నేను కంప్యూటర్ వెనకాల కూర్చున్నాను. వాళ్లందరి ముందూ సేఠ్, రేపటినుంచి రావద్దని సార్‌కు చెప్పాడు.

పోయే ముందు సార్ నా దగ్గరికి వచ్చాడు. ఎర్ర పెన్ను కీబోర్డు పక్కన పెట్టాడు.

"ఇగ నువ్వే చూసుకోవాలె బిడ్డా."

నేను తల ఊపాను.

"తాత పేరు కాడ జర ఆగినవ్."

"ఎప్పుడు సార్?" అన్నాను. ఎప్పుడో తెలియనట్టు అడిగాను చూశారా, అదీ నేనే.

"మొన్న చదివినప్పుడు. గొంతు ఎండినట్టుంది." చెప్పులు వేసుకుంటూ అన్నాడు, "నీళ్లు తాగుకుంట చదువు. గిట్ల ఎండబెట్టుకోకు."

ఆయనకు తెలుసు. లేదా తెలియదు. తెలిసి వదిలేశాడా, లేక నిజంగా నా గొంతు గురించే ఫికర్ పడ్డాడా? ఆ రోజు నుంచి గుక్కెడు నీళ్లు తాగినప్పుడల్లా ఇదే ప్రశ్న.

ఆ తర్వాత కూడా సార్ రోజూ వచ్చాడు. ప్రెస్సుకు కాదు, ఆ సందు మొదట్లోని చాయ్ హోటలుకు. పదింటికి వచ్చి బయటి బల్ల మీద కూర్చునేవాడు, ఐదింటికి లేచి పోయేవాడు. మా పని వేళలు అవే. పేపరులోని పెద్ద హెడ్డింగులు కళ్లకు దగ్గరగా పెట్టుకొని చూసి, తప్పులుంటే గోటితో గీత గీసేవాడట. పెన్ను నాకిచ్చాడు కదా. ఇవన్నీ హోటలువాళ్లు చెప్తే తెలిసినవే. నేను మాత్రం వెనక సందులోంచి తిరిగి పోయేదాన్ని. నాలుగు నెలలు అట్లాగే పోయాను. వానాకాలంలో ఆ సందంతా మోరీ నీళ్లు. చీర ఎత్తిపట్టుకొని పోయాను గానీ ఆయన ముందు నుంచి ఒక్కరోజు కూడా పోలేదు. ఒకరోజు, బల్ల ఖాళీగా ఉంటోందని ఎవరో అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. సిగ్గు లేకుండా చెప్తున్నాను, లేచొచ్చింది.

మళ్లీ ఏడాదికి సార్ అల్లుడు ప్రెస్సుకు వచ్చాడు, దశదిన కర్మ కార్డు కొట్టించడానికి. మామ ఇక్కడే కొట్టించమన్నాడని, మీ చేతి టైపులో తప్పులుండవని చెప్పేవాడని అన్నాడు. నేను టైపు చేశాను. సార్ పేరు ముందు ఆ రెండక్షరాలు. ఈసారి పొరపాటు కాదు. అలవాటుగా పైకి చదవబోయాను. ఎదురుగా కాగితం పట్టుకునేవాళ్లు లేరు. ఎర్ర పెన్నుతో నేనే టిక్కు పెట్టి పంపాను.

ఈ ఎండాకాలం సేఠ్ తెలుగు పని పూర్తిగా ఆపేశాడు. నా వంతు వచ్చింది. శాలువా కప్పాడు, మిఠాయి డబ్బా చేతిలో పెట్టాడు. అప్పుడు, నేను అడక్కుండానే ఒక మాట చెప్పాడు.

"ఇది సార్ కోసం కొన్న శాలువా అమ్మా. ఒక్కరినే ఉంచుకుంట అని నేను చెప్పిన తెల్లారే సార్ నా దగ్గరికొచ్చిండు. ఆమె ఇల్లు ఆమె మీదనే నడుస్తుంది, ఆమెను ఉంచు, నా కండ్లు పోయినయ్, ముహూర్తాలు అయినంక నేనే పోత అన్నడు. ఇజ్జత్‌తోని పంపుదామనుకున్న. కిస్మత్ గట్ల లేదు."

అంటే నేను ఆ కార్డు చదివేనాటికే నా పని నాకు మిగిలి ఉంది. ఆయన ముందే ఇచ్చేశాడు. నేను దొంగిలించింది ఆయన ఉద్యోగం కాదు, ఆయన శాలువా.

అది ఇప్పుడు మా ఇనప్పెట్టెలో ఉంది. కప్పుకోలేను, ఎవరికీ ఇవ్వలేను. పొద్దున పది కాగానే కాళ్లు వాటంతటవే చెప్పులు వెతుక్కుంటాయి. మా ఆయనకు ఇప్పుడు వేరే పని దొరికింది. పోతూ పోతూ, కొన్నాళ్లు హాయిగా కూర్చో అంటాడు. ఎక్కడ కూర్చోను? ఒకరోజు ఆ చాయ్ హోటలుకు పోయి అదే బల్ల మీద కూర్చున్నాను. అక్కడినుంచి చూస్తే ప్రెస్సు తలుపూ కనబడుతుంది, వెనక సందు మలుపూ కనబడుతుంది. చీర ఎత్తిపట్టుకొని నడిచే మనిషి మసక కళ్లకు కూడా కనబడుతుంది.

క్షమించమని అడగడానికి ఆయన లేరు. ఉన్నా అడిగేదాన్నని నమ్మకం లేదు. మీరు క్షమించినా దాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలియదు. ఒక్క పని మాత్రం చేయగలను. నీళ్లు తాగి కూర్చున్నాను.

సార్, ఆ లైను మళ్లీ చదువుతున్నాను, వినండి. కాగితంలో శ్రీ అని ఉంది. కార్డులో అది లేదు. కీ.శే. మల్లయ్య గారి మనుమడు అని ఉంది. నేను చూశాను సార్.