గుర్తుల పట్టీ అంటించిన సీసా

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఎండాకాలం. జమ్మలమడుగులో ఒక ప్రైవేటు డాక్టరుగారి దగ్గర నేను కాంపౌండర్‌ని. ఆ రోజుల్లో మందుకు సీసాలు రోగులే తెచ్చుకునేవారు. తాగే మందు మిక్చర్. పూటకెంత తాగాలో తెలిసేలా గుర్తులు కత్తిరించిన కాగితం పట్టీ ఆ సీసాకు అంటించేవాళ్ళం. నొప్పులకు పైన పూసేది లినిమెంట్. అది కడుపులోకి పోతే ప్రాణం మీదికొస్తుంది, కాబట్టి దానికి పట్టీ ఉండదు.

మందు పోశాకే పట్టీ అంటించాలని డాక్టరుగారు చెప్పేవారు. నేనేమో చేయి తిరిగినవాణ్ణి కదా, ముందే అంటించేసి వరసగా పెట్టుకునేవాణ్ణి. నోరు కూడా దురుసే.

ఆ ఉదయం జనం మీద అరుస్తూనే సీసాలు నింపాను. పెన్న అవతలి పల్లె నుంచి వచ్చిన ఓబుళమ్మ, కూతురి దగ్గుకు మందు తీసుకుని, బిరడా తీసి వాసన చూసింది.

"ఇది తాగేదేనా నాయనా? శానా ఘాటుగా ఉండాది."

"పట్టీ అంటించినాక తాగేది కాక పూసుకునేదా? పక్కకు జరుగు, పో!"

ఆమె సీసాకు బిరడా బిగించి వెళ్ళిపోయింది.

కాసేపటికి, మోకాళ్ళ నొప్పికి లినిమెంట్ పట్టుకెళ్ళిన పెద్దాయన పంచె ఎగ్గట్టి తిరిగొచ్చాడు. "ఏందప్పా ఈ మందు? పూసుకుంటే బంకగా అంటుకుంటాంది. ఈగలు ముసురుతాండాయి!"

ఆయన మోకాలికి మిక్చర్. అంటే, ఘాటుగా ఉందన్న ఓబుళమ్మ సీసాలో లినిమెంట్. తాగేదేనని చెప్పింది నేనే!

డాక్టరుగారికి చెప్పి, ఆయన ఏమంటున్నారో కూడా వినకుండా సైకిలెక్కాను. ఏటి ఇసుకలో సైకిలు కదల్లేదు. అక్కడే పడేసి పరిగెత్తాను. ఊరి మొదట్లో నిలబడి, ఏడుపులు వినపడతాయేమోనని చెవులు రిక్కించాను.

ఓబుళమ్మ అరుగు మీద కళ్ళు మూసుకుని కూర్చుంది. సీసా ముందుంది. లోపల కూతురు దగ్గుతోంది.

"అవ్వా, తాగించినావా?"

"ల్యా, ఇంకా తాగించలే. ముందు కూసో, రొప్పుతాండావు."

సీసా లాక్కొని జరిగింది చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"నువ్వు కసిరినావు, నాకూ కోపమొచ్చె. కోపం చేత్తో బిడ్డకు మందు పోయబుద్ధి కాలే. మనసు కుదురుకోనీలే అని కూసున్నా. నీ కోపం యాడి నుంచి వస్తాదో నువ్వెప్పుడన్నా కూసోని చూసినావా నాయనా?"

చూడలేదు. మర్నాటి నుంచి ఆస్పత్రి తలుపులు తీయకముందు కాసేపు కూర్చోవడం మొదలుపెట్టాను. మొదట్లో ఆ ఇసుకే కళ్ళ ముందు కనపడేది. పోను పోను తెలిసింది. ఎవరు ప్రశ్న అడిగినా నా తప్పు బయటపడుతుందేమోనని భయం. ఆ భయమే కేకలుగా వచ్చేది.

తర్వాత మళ్ళీ ఓబుళమ్మ మందుకొచ్చింది. బిరడా తీసి వాసన చూసింది. వరసలో జనం గొణుగుతున్నారు.

"ఇది తాగేదేనా నాయనా?"

సీసా వెనక్కి తీసుకున్నాను.

"ఉండవ్వా, చూసి చెప్తా."