అర్జీ వెనక చేర్చినవి

మా తెలుగు మాస్టారు పోయారని పలాస బస్టాండులో తెలిసింది. విశాఖలో డయాలసిస్ చేయించుకుని వస్తూ, కోటబొమ్మాళి దాటాక రైల్లోనే కన్నుమూశారట. మీ ఊళ్లో ఎవరైనా పోతే ఎలా పోయారని అడుగుతారేమో. మా ఉద్దానంలో అడగరు. "ఈయనకీ కిడ్నీలేనా" అని ఊరుకుంటారు.

'అనుబంధం' అన్న మాట నాకు ఆయన దగ్గరే దొరికింది. ఒక పుస్తకం చివరి పట్టికల మీద చూసి అడిగాను. "చెప్పాల్సింది ముందే చెప్పేయాలి. దాన్ని నమ్మించేది వెనక చేర్చాలి. అదే అనుబంధం" అన్నారు. ఆ వారమంతా దొరికిన ప్రతి పుస్తకాన్నీ వెనక నుంచే తెరిచాను.

ఆయన నీళ్లు కొలిచి తాగాలి. పాఠం మధ్యలో గ్లాసు పెదాలకు ఆనించి, తడి చేసుకుని దించేసేవారు.

టెక్కలి ఆసుపత్రిలోనే డయాలసిస్ మిషను పెట్టమని మా తీరపు ఊళ్ల తరఫున ఆయనే అర్జీ రాశారు. అర్జీ ఒక్క పేజీ. అనుబంధంగా చేర్చడానికి రోగుల రిపోర్టులు జిరాక్సు తీయించి తెమ్మన్నారు. కొందరు రేషన్ కార్డులు తెచ్చారు. ఒకామె చనిపోయిన కొడుకు ఫొటో తెచ్చింది. చేపలు పట్టేవాళ్ల వీధి నుంచి ఒక ముసలమ్మ సీసాతో బావినీళ్లు తెచ్చింది.

"ఇదేటమ్మా?" అన్నారు మాస్టారు.

"మా కాయితం ఇదే బాబూ. సదువు రానోలైనా తాగి సూత్తే తెలుత్తాది."

మేం నవ్వాం. ఆయన నవ్వలేదు. 'అనుబంధం: బావినీరు, ఒక సీసా' అని నా చేత రాయించారు. కలెక్టరు ఆఫీసువాళ్లు కాగితాలు ఉంచుకుని సీసా తిప్పి పంపేశారు.

తన రిపోర్టు మాత్రం ఆయన చేర్చలేదు. ఎందుకని అడిగితే, "రాసినవాడిది ఉంటే, తన కోసమే రాసుకున్నాడంటారు" అన్నారు.

అర్జీకి జవాబు రాలేదు.

దినకార్యం అయ్యాక అర్జీ మళ్లీ పంపుదామని ఊరివాళ్లు ఆయన వాకిట్లో చేరారు. కొత్తగా చేర్చాల్సిన రిపోర్టులు చాలానే వచ్చాయి. లోపలి నుంచి మాస్టారి భార్య వచ్చి, ఆయన ఆసుపత్రి కాగితాలు నా చేతిలో పెట్టారు.

"ఇప్పుడు చేర్చొచ్చు కదమ్మా" అన్నారు.

ఆయన పేరు అనుబంధంలో చివర రాశాను. కట్ట లావైపోయి ట్యాగు చాల్లేదు. అరుగు మీద కూర్చున్న ఒక తాత కట్టను ఒళ్లోకి తీసుకున్నాడు. వల బాగుచేసే సూదిలో నీలం నైలాన్ దారం ఎక్కించి, చిరిగిన వలను కుట్టినట్టే, ముడి తర్వాత ముడి బిగిస్తూ కుట్టుకుంటూ పోయాడు.