రత్నమాణిక్యం చూసిన ఆఖరి రీలు

మండపేట సినిమా హాల్లో ఆడాళ్ల గేటు దగ్గర టిక్కెట్లు చింపే రత్నమాణిక్యం నాలుగేళ్లలో కొన్ని వందల సినిమాలు చూసింది. ఒక్కదాని ముగింపూ చూడలేదు. నవ్వకండి, ఆ ఉద్యోగం అలాంటిది. ఆఖరి రీలు సగానికి రాగానే పైనుంచి ఆపరేటరు బెల్లు కొడతాడు. అది వినగానే ఆవిడ బయటికొచ్చి, వరండా చుట్టూ తిరిగి తలుపుల గడియలన్నీ తియ్యాలి. లేకపోతే జనం ఒకళ్లనొకళ్లు తొక్కుకు చస్తారు. విలన్ దొరికాడో పారిపోయాడో, బయటికొచ్చే ఆడాళ్లనడిగి తెలుసుకునేది.

"ఏమైందమ్మా ఆఖర్న?"

"ఏముంది రత్నం, పెళ్లైపోయింది."

అంతే, ఆవిడకి సినిమా అయిపోయినట్టే.

ఆవిడ ఆ గేటు దగ్గరికి ఎలా వచ్చిందో చెప్పాలి. మొగుడు ముసలయ్య. పేరే ముసలయ్య, మనిషికి నలభై కూడా లేవు. మిల్లుల నుంచి తవుడు బస్తాలు రిక్షా మీద తోలేవాడు. ఉత్త వేళాకోళం మనిషి. పేటలో పెద్దవాళ్లకి బడి పెట్టినప్పుడు పెళ్లాన్ని తనే తరిమి పంపించాడు. మూడు నెలలు పలక మీద దిద్ది దిద్ది ఆవిడ తన పేరు రాయడం నేర్చుకుంది. "ఇంత పొడుగు పేరు ఎవడు పెట్టాడే నీకు? సంతకం అయ్యేసరికి బలపం అరిగిపోద్ది" అనేవాడు. అంటూనే ఆ పలక పట్టుకెళ్లి చుట్టుపక్కల ఇళ్లన్నిటికీ చూపించుకొచ్చేవాడు.

తొంభై మూడు వేసవిలో, మిట్టమధ్యాహ్నం, కాలవ గట్టు రోడ్డు మీద కారు గుద్ది చచ్చిపోయాడు. కారులో నలుగురు ఇంటర్ కుర్రాళ్లు. తోలింది మిల్లు ఓనరుగారబ్బాయి సుమంత్. లైసెన్సు లేదు, మూతి మీద మీసం కూడా సరిగ్గా రాలేదు. ఎంత స్పీడు పోతుందోనని పందెం వేసుకున్నారట. గుద్ది ఆపలేదు కూడాను, దొంగ వెధవలు! చేలో ఉన్న కూలీలు కళ్లారా చూశారు.

ఆసుపత్రి దగ్గరికి పెద్దమనిషి పల్లంరాజుగారు వచ్చారు. సుమంత్ తల్లి రాజరాజేశ్వరిగారు కూడా వచ్చి, మెట్ల మీద రత్నమాణిక్యం పక్కనే కూర్చుంది.

"కేసంటూ పెడితే మనిషిని కోసేస్తారమ్మా రత్నం" అన్నారు పల్లంరాజుగారు. "కోసి, గోనెసంచి కుట్టినట్టు కుట్టి ఇస్తారు. ఆ ఆకారాన్ని నువ్వు చూడగలవా? ఎండకి కళ్లు తిరిగి పడ్డాడని, ఎవరి మీదా అనుమానం లేదని రాయించాం. సంతకం పెట్టావంటే ఒంటి మీద కత్తి పడకుండా ఇప్పుడే ఇచ్చేస్తారు."

శవాన్ని కొయ్యడమంటే మన వైపు ఎంత భయమో నేను చెప్పాలా? చచ్చినవాడికి మళ్లీ నొప్పెడుతుందనే నమ్ముతారు. ఆ రాతలో ఉన్నది అబద్ధమని రత్నమాణిక్యానికి తెలుసు. అయినా ఆ పూట మొగుడి ఒంటి మీద కత్తి పడకపోతే చాలనుకుంది. రాజరాజేశ్వరిగారు పెన్ను మూత తీసి అందించింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని పేరు మొత్తం రాసింది. పలక మీద కాకుండా కాగితం మీద ఆవిడ పెట్టిన మొదటి సంతకం అది.

నెల తిరక్కుండా ఈ గేటు ఉద్యోగం వచ్చింది. హాలు రాజరాజేశ్వరిగారి అన్నగారిది. అలాంటివాళ్లిచ్చిన కూడు తినకపోతేనేం అంటారేమో. తినక ఎక్కడికి పోతుందండీ?

తొంభై ఏడులో ఆ సినిమా వచ్చింది. డబ్బున్న ఇళ్ల కుర్రాళ్లు సరదాకి నేరాలు చేస్తుంటారు. మొదట మోటారుసైకిలు దొంగతనం, తరవాత ఒక కొట్టు పగలగొట్టడం. ఇంటర్వెల్ అయ్యాక కారుతో ఒక తాపీమేస్త్రీని గుద్ది పారిపోతారు. రత్నమాణిక్యం తలుపు దగ్గర కర్టెన్ పట్టుకుని నిలబడిపోయింది. మేస్త్రీ పెళ్లాం దగ్గరికి పెద్దమనుషులొచ్చారు. కాగితం తెచ్చారు. కొయ్యకుండా ఇప్పిస్తామన్నారు. ఆ పిల్ల వేలికి సిరా పూశారు. అంతలో బెల్లు!

కాళ్లు వాటంతటవే గడియల దగ్గరికి పోయాయి. బయటికొచ్చే ఆడాళ్లని మాత్రం ఈసారి అడగలేదు. ఆ రోజంతా ఒకటే మొక్కు. ఆ పిల్ల వేలిముద్ర వేసెయ్యాలి. వేసిందంటే, ఎవరైనా ఆ పనే చేస్తారన్నమాట. తనొక్కతే చెయ్యలేదన్నమాట. నాలుగేళ్లుగా గుండెల మీద కూర్చున్న బరువు కాస్తయినా దిగుతుంది. పాపం, తెర మీద బొమ్మ మీద అంత ఆశ పెట్టుకుంది పిచ్చిది.

మర్నాడు మ్యాట్నీలో బెల్లు మోగింది. ఆవిడ కదల్లేదు.

తెర మీద ఆ పిల్ల సిరా వేలిని చీరకి తుడిచేసుకుంది. "కొయ్యండి" అంది. "ఆయనెలా చచ్చిపోయాడో ఆయన ఒళ్లే చెబుతుంది. కొయ్యండి!" హాలు హాలంతా చప్పట్లు, ఈలలు. కుర్రాళ్ల చేతులకి బేడీలు పడ్డాయి. రత్నమాణిక్యం కర్టెన్లో మొహం దాచుకుని కుమిలి కుమిలి ఏడ్చింది. ముసలయ్య ఒళ్లు చెప్పాల్సిన మాటేదీ చెప్పకుండా కాలిపోయింది. ఆ ఒంటి నోరు నొక్కేసింది తనే.

జనం లోపల్నుంచి తలుపులు బాదేస్తున్నారు. మేనేజరు జ్ఞానప్రకాశంగారు పరిగెత్తుకొచ్చి, గడియలు తనే తీసి, "మతిపోయిందా రత్నం నీకు? బెల్లు వినపడలేదా?" అని కేకలేశారు.

అందరూ వెళ్లాక బాల్కనీ మెట్లు దిగి రాజరాజేశ్వరిగారు వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. రత్నమాణిక్యాన్ని చూసి ఆగిపోయింది.

"సినిమా కదా రత్నం" అంది. "సినిమాల్లో అలాగే తీస్తారు."

"అవునండి అమ్మగారూ. ఆ పిల్లకి రాయడం రాదు గదండి. నాకొచ్చు."

రాజరాజేశ్వరిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గబగబా కారు దగ్గరికి పోయింది.

మర్నాడు జ్ఞానప్రకాశంగారు హాజరు పుస్తకం ముందుకి తోశారు. నాలుగేళ్లుగా అందులో ఆవిడ గుండ్రంగా, నెమ్మదిగా, పూర్తి పేరు రాసేది. వెనక నిలబడ్డవాళ్లు విసుక్కున్నా పొట్టి చేసేది కాదు. ఆవేళ పెన్ను ముట్టుకోలేదు. బల్ల మీదున్న స్టాంపు ప్యాడ్ దగ్గరికి లాక్కుని, ఎడంచేతి బొటనవేలు అద్ది, తన పేరుకెదురుగా నొక్కింది.

"అదేంటి రత్నం? సంతకం వచ్చుగా నీకు?"

"మర్చిపోయానండి" అని, వేలు చీరకి తుడుచుకుంటూ గేటు దగ్గరికి వెళ్లిపోయింది.